మైక్రోబిట్ పిల్లాడిదా, బడిదా?

చెబితే చాలు, ఏఐ కోడ్ రాసిపెడుతోంది. ఇంకా పిల్లల చేతికి మైక్రోబిట్ లాంటి, ప్రోగ్రామింగ్ నేర్పే ఈ బుల్లి సర్క్యూట్ బోర్డులెందుకన్న వాదన మళ్లీ మొదలైంది. వెనకే పాత తగాదా కూడా లేచింది: బోర్డులు పంచితే చాలా, ముందు టీచర్లను తయారు చేయాలా? బ్రిటన్‌లో దీని మూలం 2015-16 విద్యా సంవత్సరంలో ఉంది.

కంప్యూటర్ వాడకం నేర్పే పాత ఐసీటీ సిలబస్‌ను తీసేస్తామని 2012 జనవరిలో అప్పటి విద్యామంత్రి మైకేల్ గోవ్ ప్రకటించారు. 2014 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్ బడుల్లో దాని స్థానంలో కంప్యూటింగ్ వచ్చింది. స్ప్రెడ్‌షీట్లు నేర్పిన టీచరే ప్రోగ్రామింగ్ కూడా నేర్పాల్సి వచ్చింది. ఆ టెన్షన్ తగ్గకముందే, 2015 మార్చిలో బీబీసీ సుమారు 10 లక్షల మంది పిల్లలకు మైక్రోబిట్ ఉచితంగా ఇస్తామంది. పదకొండు, పన్నెండేళ్ల వాళ్లకు, అదీ బడికి కాదు, ఎవరిది వాళ్లకే సొంతంగా.

బోర్డు పొడవు సుమారు 5 సెంటీమీటర్లు, వెడల్పు 4. మీద 25 ఎర్ర లైట్లు, ఎ, బి అని రెండు బటన్లు, కదలికను పట్టే సెన్సర్, దిక్సూచి. ఆ తొలి మోడల్‌లో మెమరీ (ర్యామ్) 16 కిలోబైట్లే. యూఎస్‌బీ తీగ గుచ్చితే కంప్యూటర్లో పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. రాసిన ప్రోగ్రామ్ ఫైలు అందులో పడేస్తే చిన్న లైటు టపటపా కొట్టుకుని, ప్రోగ్రామ్ నడుస్తుంది. బడి కంప్యూటర్లలో పెన్‌డ్రైవ్‌లను బ్లాక్ చేసి ఉంటే మాత్రం పాఠం అక్కడే ఆగిపోతుంది. ఇలాంటివి ముందే చూసుకోవడానికి టీచరుకు టైమ్ కావాలి.

అసలు మలుపు ఇక్కడే. బోర్డులు 2015 అక్టోబరు కల్లా పిల్లలకు అందాలి. సెప్టెంబరులో పవర్ సప్లైలో లోపం బయటపడింది. టీచర్లకు క్రిస్మస్ లోపు, పిల్లలకు కొత్త సంవత్సరం మొదట్లో అన్నారు. అదీ కుదరలేదు. పిల్లలకు పంపిణీ మొదలైంది 2016 మార్చిలో. లోపమున్న సరుకు పిల్లల చేతికి ఇవ్వలేం కదా అంటే నిజమే, బీబీసీ ఆగడమే సబబు. కానీ టీచరు వైపు నుంచి చూడండి. సెప్టెంబరులో వేసుకున్న పాఠాల ప్లాన్ బోర్డు లేకుండానే సగానికి పైగా నడిచిపోయింది. బోర్డు వచ్చాక మిగిలింది ఒక్క టర్మ్, కాస్త. పైగా అది పిల్లాడి సొంతం. ఇంటికి పట్టుకెళ్తే రేపటి క్లాసుకు తెస్తాడన్న గ్యారంటీ లేదు. సొంతమైతే ఇష్టం పెరుగుతుందన్న మాట కొట్టిపారేసేది కాదు. పాఠం నడపాల్సిన మనిషికి మాత్రం అది తలనొప్పే.

బడుల్లో కంప్యూటింగ్ బోధన అతుకులబొంతలా, బలహీనంగా ఉందని 2017 నవంబరులో బ్రిటన్ శాస్త్రవేత్తల సంస్థ రాయల్ సొసైటీ నివేదిక తేల్చింది. టీచర్ల శిక్షణకు ప్రభుత్వం 8.4 కోట్ల పౌండ్లు ప్రకటించింది కూడా ఆ నెలలోనే. బోర్డులు పంచిన ఏడాదిన్నరకు!

2020లో మైకు, స్పీకరుతో కొత్త మోడల్ వచ్చింది. 2023లో ప్రైమరీ బడుల కోసం 7 లక్షల బోర్డుల దాకా కేటాయించారు. ఈసారి పిల్లల పేరున కాదు, బడికి 30 చొప్పున. గంట కొట్టగానే లెక్కపెట్టి పెట్టెలో సర్దేస్తే, మర్నాటి క్లాసుకు ముప్పయ్యీ ఉంటాయి.