చెన్నై తేమలో గింజలు బతకాలంటే

మిద్దె తోట ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక పాత స్వీట్ డబ్బా ఉంటుంది, అందులో పొట్లాలు కట్టిన బెండ, బీర, గోరుచిక్కుడు గింజలు, కొన్ని నెల్లూరు నుంచి చుట్టాలు తెచ్చినవి. తమిళుల ఆడి మాసం (జూలై, ఆగస్టు) వచ్చింది కదా అని తీసి విత్తితే సగం మొలవవు. పాతబడిపోయాయి అనేస్తాం గానీ వాటిని చంపింది వయసు కంటే మన ఊరి గాలే ఎక్కువ.

గింజ బాగా ఎండితే కణాల్లో ఉన్న చక్కెరలు, ప్రోటీన్లు పాకం ముదిరినట్టు బిగుసుకుపోతాయి, లోపల ఏదీ కదలదు కాబట్టి ఏదీ త్వరగా పాడవదు. తేమ ఎక్కితే ఆ బిగువు సడలిపోయి నూనెలు ఆక్సిజన్‌తో కలిసి చెడిపోతాయి, డీఎన్ఏ దెబ్బతింటుంది, రిపేరు చేసుకుందామంటే మొలకెత్తేంత నీళ్ళు ఉండవు. ఇజ్రాయెల్‌లో మసాదా కోట దగ్గర తవ్వకాల్లో దొరికిన ఖర్జూరం గింజ దాదాపు 2000 ఏళ్ళ తర్వాత, 2005లో నాటితే మొలిచింది, అదేమీ ఫ్రిజ్‌లో లేదు, ఎడారి పొడిలో ఉందంతే.

హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఒకటుంది, గింజలో తేమ 1 శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు, చల్లదనం 5 డిగ్రీలు పెరిగితే ఇంకో రెట్టింపు. ఉజ్జాయింపు లెక్కే, కానీ 12 శాతం నుంచి 8కి దింపితే 16 రెట్లు!

ఇక్కడే చిక్కు. అందరూ "నీడలో ఆరబెట్టండి" అంటారు, కానీ గింజ చుట్టూ గాలి ఎంత పొడిగా ఉంటే అంతవరకే ఎండుతుంది, గాలిలో తేమ 75 శాతం ఉంటే బియ్యం, పప్పుల్లాంటి గింజలు 13, 14 శాతం దగ్గర ఆగిపోతాయి, నెల రోజులు ఆరబెట్టినా అంతే. ఎండాకాలంలో మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే పొద్దున ఎండినదంతా మళ్ళీ పీల్చుకుంటాయి. అందుకని ఆ గాలి రాకముందే లోపలికి తెచ్చేసి, గింజలంత బరువు సిలికా జెల్ (తేమ పీల్చే పూసలు) గుడ్డ మూటకట్టి సీసాలో వేసి మూత బిగించి ఒక వారం ఉంచండి. బీర గింజని వంచితే వంగకుండా టప్పున విరగాలి, అప్పుడు చాలు. (నీలం పూసల్లో కోబాల్ట్ అనే హానికర లోహం ఉంటుంది, మళ్ళీ వాడుకోవడానికి ఆరబెడదామని వాటిని వంట మూకుడులో వేయించకండి, నారింజ రంగువి కొనుక్కోండి.)

ఆ తర్వాతే ఫ్రిజ్. తడి గింజల్ని డీప్ ఫ్రీజర్‌లో పెడితే లోపలి నీళ్ళు గడ్డకట్టి కణాలు చిట్లిపోతాయి, ఎండినవైతే అలసందల్లో పుచ్చు పురుగు కూడా చస్తుంది. పల్చటి పాలిథిన్ కవరు తేమని ఆపదు, గాజు సీసానే బెస్టు. బయటికి తీశాక వెంటనే మూత తీయొద్దు, పూర్తిగా గది వేడికి రానివ్వండి, లేకపోతే చల్లటి గింజల మీద చెమట పడుతుంది.

ఉల్లి గింజల మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి, మామూలుగా దాస్తే ఏడాది దాటితే కష్టం, టమాటా నాలుగైదేళ్ళు ఆగుతుంది. మామిడి టెంకలకి, పనస గింజలకి అయితే ఇదంతా రివర్సు, ఎండితేనే చస్తాయి, పండు తిన్న వారంలోపే కుండీలో పాతేయాలి.