ఉప్పునీళ్ల హైపో మెషిన్: ఆపరేటర్ చెవిన పడే అపోహలు, అసలు వాస్తవాలు

ఉప్పునీళ్లలో కరెంటు పారించి, నీటిని శుద్ధి చేసే క్లోరిన్ ద్రావణాన్ని తయారుచేసే మెషిన్ ఇది. ఆన్ చేసిన నిమిషంలోపే ఎలక్ట్రోడ్ల మధ్య నీళ్లు పాలలా తెల్లబడతాయి. సన్నటి బుడగలు పొంగుకొస్తాయి. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు అది చూసి "క్లోరిన్ భలే తయారవుతోందే" అంటారు. మొదటిరోజు నేనూ అదే అన్నాను. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: ఆ బుడగలన్నీ క్లోరిన్

కాదు, దాదాపు అంతా హైడ్రోజన్. ఉప్పునీళ్లలో డీసీ కరెంటు పారినప్పుడు ఆనోడ్ (ప్లస్ ఎలక్ట్రోడ్) దగ్గర క్లోరైడ్ కాస్తా క్లోరిన్ అవుతుంది. కాథోడ్ (మైనస్ ఎలక్ట్రోడ్) దగ్గర నీరు విడిపోయి హైడ్రోజన్, క్షారం పుడతాయి. మధ్యలో పొర లేని మామూలు సెల్‌లో (ఎలక్ట్రోడ్లుండే గదిలో) క్లోరిన్ బయటికి వచ్చేలోపే ఆ క్షారంతో కలిసి సోడియం హైపోక్లోరైట్ అయిపోతుంది. మేం హైపో అనేది దాన్నే. హైడ్రోజన్ మాత్రం దేనితోనూ కలవకుండా పైకి పోతుంది.

ఒక కిలో క్లోరిన్‌కు సమానమైన హైపో చేస్తే సుమారు 28 గ్రాముల హైడ్రోజన్ వస్తుంది. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ, మామూలు వేడిమి దగ్గర అది 340 లీటర్ల గ్యాస్. గాలిలో 4 శాతం చేరితే చాలు, స్విచ్ వేసినప్పుడు వచ్చే నిప్పురవ్వకే అంటుకోగలదు. రంగూ లేదు, వాసనా లేదు. గాలికంటే చాలా తేలిక కాబట్టి పోయి కప్పు కింద చేరుతుంది. "కిటికీ తెరిచే ఉంది కదా" అంటారు. కిటికీకి, కప్పుకి మధ్య రెండడుగుల గోడ ఉంటే ఆ రెండడుగులూ హైడ్రోజన్‌కి ఇచ్చినట్టే. గాలి పోయే దారి కప్పుని ఆనుకుని ఉండాలి. సెల్ నుంచి, ట్యాంకు నుంచి వచ్చే వెంట్ పైపు ఎక్కడా కిందికి వంగకుండా నేరుగా పైకి, బయటికి పోవాలి. వంపు ఉంటే అందులో నీళ్లు నిలిచి దారి మూసుకుపోతుంది.

బకెట్‌లో ముంచి నడిపే చిన్న పరికరానికి ఇంత హంగామా అక్కర్లేదు. గాలాడే చోట పెట్టండి, బకెట్‌కి మూత బిగించకండి, దగ్గర్లో మంట లేకుండా చూసుకోండి.

అపోహ: ఉప్పు ఎక్కువేస్తే హైపో ఘాటుగా వస్తుంది

ఇది అన్నిటికంటే మొండి అపోహ. వంటింటి లెక్క ఇక్కడ పనికిరాదు. ఎంత క్లోరిన్ తయారవుతుందో తేల్చేది కరెంటు. మైకేల్ ఫారడే 1830లలోనే ఈ లెక్క తేల్చేశాడు: ఒక జత ఎలక్ట్రోడ్ల మధ్య ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే రాగలిగిన క్లోరిన్ 1.32 గ్రాములు. అదీ ఏ నష్టమూ లేకపోతే. అంతకుమించి ఏ మెషిన్ నుంచీ రాదు.

మెషిన్ కొనేముందు ఈ గుణకారం ఒక్కసారి చేసి చూడండి. 20 లీటర్ల 0.6 శాతం హైపోలో 120 గ్రాముల క్లోరిన్ ఉంటుంది. దానికి నష్టాలు లేకుండా కూడా 91 ఆంపియర్ గంటలు కావాలి. ఒకే జత ఎలక్ట్రోడ్లతో 10 ఆంప్స్ మీద నడిచే మెషిన్ తొమ్మిది గంటలు దాటి నడవాలన్నమాట. అదే మెషిన్ "గంటలో 20 లీటర్లు" ఇస్తుందని ఎవరైనా అంటే, ఆ 20 లీటర్లలో ఉన్నది ఎక్కువగా ఉప్పునీళ్లే.

మరి ఉప్పు పనేంటి? క్లోరైడ్ అందించడం, కరెంటు సులువుగా పారనివ్వడం. సాధారణంగా లీటరుకు 25 నుంచి 30 గ్రాములు చాలు. తగ్గితే వోల్టేజ్ ఎగబాకుతుంది, ఆనోడ్ క్లోరిన్ బదులు ఆక్సిజన్ ఇవ్వడం మొదలుపెడుతుంది, దాని మీది పూత అరిగిపోతుంది. ఎక్కువైతే రెండు రకాలు. వోల్టేజ్ స్థిరంగా ఉంచే పరికరంలో ఆంప్స్ హద్దు దాటి సెల్ వేడెక్కుతుంది. ఆంప్స్ స్థిరంగా ఉంచే మెషిన్‌లో పెద్దగా ఏమీ జరగదు, మిగులు ఉప్పు అలాగే హైపోలో కలిసి వచ్చేస్తుంది. ఆ మాటకొస్తే అన్నీ సరిగా ఉన్నా వేసిన ఉప్పులో సగం మారకుండానే బయటికొస్తుంది. కిలో క్లోరిన్‌కు లెక్కప్రకారం 1.65 కిలోల ఉప్పు చాలు, నిజంగా పట్టేది మూడు, మూడున్నర కిలోలు.

దీని తమ్ముడే ఇంకో అపోహ: "ఇంకో గంట నడిపితే ఇంకా ఘాటు." కొంతవరకే. ఘాటు పెరిగేకొద్దీ తయారైన హైపోనే మళ్లీ ఎలక్ట్రోడ్ల దగ్గర ఖర్చవుతుంది. కాథోడ్ దగ్గర తిరిగి క్లోరైడ్ అయిపోతుంది, ఆనోడ్ దగ్గర క్లోరేట్ అవుతుంది. ద్రావణం 40 డిగ్రీలు దాటితే ఈ నష్టం ఇంకా పెరుగుతుంది. అందుకే పొర లేని సెల్ ఉన్న మెషిన్లను మామూలుగా 0.5 నుంచి 0.8 శాతం మధ్యలోనే ఆపేస్తారు. ఆ పైన మండేది కరెంటు బిల్లే.

అపోహ: ఏ ఉప్పైనా, ఏ నీళ్లైనా ఒకటే

గరుకు ఉప్పులోని మట్టి, ఇనుము, కాల్షియం, మెగ్నీషియం అన్నీ సెల్‌లోకే పోతాయి. బోరు నీళ్ల కఠినత్వం కూడా అంతే. కాథోడ్ చుట్టూ క్షారం ఉంటుంది కాబట్టి కాల్షియం, మెగ్నీషియం అక్కడే తెల్లటి పొరగా గడ్డకడతాయి. అందుకే పెద్ద మెషిన్ల ముందు నీటి కఠినత్వం తీసే సాఫ్ట్‌నర్ పెడతారు. అయోడిన్ ఉప్పు వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. అందులో అయోడిన్ చాలా తక్కువ, మెషిన్‌కి వచ్చే ముప్పేమీ లేదు. అయినా అయోడిన్ కలపని శుద్ధమైన ఉప్పు దొరికితే అదే మేలు. నేనైతే అయోడిన్ గురించి కాదు, బ్రోమైడ్ గురించి అడగమంటాను. ఉప్పులో బ్రోమైడ్ ఉంటే సెల్‌లో అది బ్రోమేట్ అవుతుంది, తాగేనీటిలో బ్రోమేట్ ఉండకూడని పదార్థం.

"సముద్రపు నీళ్లే పోసేస్తే పోలా?" అనేవాళ్లకూ జవాబు అదే. సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాముల లవణాలతోపాటు 65 మిల్లీగ్రాముల దాకా బ్రోమైడ్, ఒక గ్రాము పైనే మెగ్నీషియం ఉంటాయి. తీరంలోని విద్యుత్ కేంద్రాలు, ఓడలు నిజంగానే సముద్రపు నీళ్లతో హైపో చేసుకుంటాయి. కానీ అది చల్లబరిచే పైపుల్లో నత్తలు, నాచు పట్టకుండా వాడుకోవడానికి. తాగేనీటి ట్యాంకులో పోయడానికి కాదు.

అపోహ: ఇది మొన్నమొన్న వచ్చిన టెక్నాలజీ

1890లలోనే ఫ్రాన్స్‌లో యూజీన్ ఎర్మిత్ సముద్రపు నీళ్లలో కరెంటు పారించి మురుగునీటికి వాడాడు. 1893లో న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూస్టర్‌లో ఉప్పునీళ్ల నుంచి ఇలాగే చేసిన ద్రావణాన్ని మురుగులో కలిపారు. 1960లలో టైటానియం మీద రుథీనియం ఆక్సైడ్ పూత పూసిన ఎలక్ట్రోడ్లు వచ్చాకే ఈ మెషిన్లకు ఆయుష్షు పెరిగింది.

అపోహ: హైపో అంటే హైపోనే, ఏ డబ్బాదైనా అదే కొలత

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి.

పనిలో చేరిన కొత్తలో 5,000 లీటర్ల ట్యాంకు నా బాధ్యత. లీటరు నీటికి 2 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే మా 0.6 శాతం హైపో 1.67 లీటర్లు పోయాలి. జగ్గు మీద అక్కడ మార్కర్‌తో గీత గీసుకున్నాను, రోజూ ఆ గీత వరకే. ఒకరోజు మెషిన్ ఆగిపోయింది. స్టోర్‌లో అత్యవసరానికి ఉంచిన 10 శాతం హైపో డబ్బా తీసి, అదే జగ్గుతో అదే గీత వరకు పోసేశాను. అరగంట ఆగి, క్లోరిన్ ఉంటే నీటిని గులాబీగా మార్చే డీపీడీ మాత్ర వేసి పరీక్ష చేస్తే ట్యూబ్ తేటగానే ఉంది. గులాబీ రంగు లేదంటే క్లోరిన్ లేదని కదా మనకు నేర్పింది! పాత డబ్బా, పవర్ పోయిందేమో అనుకుని ఇంకో జగ్గు పోశాను. మళ్లీ తేటగానే ఉంది.

"అన్నా, మూడోది కూడా పోసెయ్యనా?" అని సీనియర్‌ని అడిగాను. ఆయన ట్యాంకు మూత తీసి, ఒక్క అడుగు వెనక్కి వేసి, "జగ్గు కింద పెట్టు ముందు" అన్నాడు. నా చేతే ఇంకో మాత్ర వేయించి, "ఇప్పుడు రెప్ప వేయకుండా చూడు" అన్నాడు. మాత్ర పడగానే చుట్టూ ఒక్క క్షణం గులాబీ మెరిసి మాయమైపోయింది. క్లోరిన్ మరీ ఎక్కువుంటే ఆ రంగునే చంపేస్తుంది. నమూనాను డిస్టిల్డ్ వాటర్‌తో 20 రెట్లు పలచన చేసి చూస్తే మీటర్ 3 దాటి చూపించింది. అంటే ట్యాంకులో లీటరుకు 60 మిల్లీగ్రాముల పైనే. తాగేనీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 5. వాల్వ్ ఇంకా తెరవలేదు కాబట్టి బతికిపోయాను. ఆ పూట టెన్షన్‌కి నాకు అన్నం దిగలేదు.

కాబట్టి లెక్క ఎప్పుడూ డబ్బా మీది శాతం నుంచే మొదలవ్వాలి. 1,000 లీటర్లకు 2 మిల్లీగ్రాముల చొప్పున వేయాలంటే 0.6 శాతానిది 333 మిల్లీలీటర్లు, 5 శాతం బ్లీచ్ 40 మిల్లీలీటర్లే. నేల తుడవడానికి 0.1 శాతం కావాలంటే 0.6 శాతం హైపో ఒక పాలు, నీళ్లు ఐదు పాళ్లు. ఇక మెషిన్ నుంచి వచ్చిన హైపో ఘాటు చూడాలంటే, ఒక మిల్లీలీటరును క్లోరిన్ లేని రెండు లీటర్ల నీటిలో కలిపి డీపీడీతో చూడండి. వచ్చిన అంకెను 2,000తో గుణిస్తే అసలు ఘాటు తెలుస్తుంది. 3 వస్తే 6,000, అంటే 0.6 శాతం. నేరుగా హైపోలోనే మాత్ర వేస్తే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

అపోహ: వాసన బాగా వస్తోందంటే క్లోరిన్ బాగా ఉన్నట్టు

చాలాసార్లు తిరగబడే మాట ఇది. ఈత కొలనుల దగ్గర ముక్కుకి కొట్టే వాసన ఎక్కువగా క్లోరమైన్లది, అంటే చెమటతో, మూత్రంతో కలిసి ఖర్చయిపోయిన క్లోరిన్‌ది. పైగా రోజంతా మెషిన్ పక్కనే ఉండే మన ముక్కుకి కొన్నాళ్లకు ఏ వాసనా తెలియదు.

అపోహ: ఉప్పు, నీళ్లే కదా, హాని ఏముంటుంది

తయారయ్యేది బ్లీచే. పలచటి బ్లీచ్, అంతే. కంట్లో పడితే మంట, బట్ట మీద పడితే మచ్చ. యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్, అమోనియాతో కలిస్తే క్లోరమైన్ గ్యాస్. దీన్ని గ్లాసులో పోసుకుని రోగాలకు మందుగా తాగమనేవాళ్లు కూడా కనిపిస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి, ఎవర్నీ చేయనివ్వకండి. నీటిని శుద్ధి చేసే మోతాదుకీ, డబ్బాలో ఉన్న ఘాటుకీ మధ్య వేల రెట్ల తేడా ఉంది.

మధ్యలో పొర ఉండే రెండు గదుల మెషిన్లు వేరే జాతి. వాటిలో ఒకవైపు హైపోక్లోరస్ ఆమ్లం, ఇంకోవైపు క్షారం విడివిడిగా వస్తాయి. హైపోక్లోరస్ ఆమ్లం క్రిములను హైపోక్లోరైట్ అయాన్ కంటే త్వరగా చంపుతుంది, నిజమే. అంతమాత్రాన మా హైపో దండగ అనడం సరికాదు. డబ్బాలో మా హైపో పీహెచ్ 9 దగ్గర ఉన్నా, ట్యాంకులో పోశాక చెల్లేది ట్యాంకు నీటి పీహెచ్‌యే. అది ఏడు, ఏడున్నర దగ్గరుంటే కనీసం సగం హైపోక్లోరస్ ఆమ్లంగానే ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ ఆ వాటా తగ్గుతుంది, అందుకే పీహెచ్ 8 దాటిన నీటికి సమయం ఎక్కువ ఇవ్వాలి.

అపోహ: క్లోరిన్ పడ్డాక ఏ క్రిమీ మిగలదు

విరేచనాలు పట్టించే క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి మిగులుతుంది. మామూలు మోతాదు దాన్ని ఏమీ చేయలేదు, దాన్ని ఫిల్టర్‌తో ఆపాల్సిందే. బురదనీళ్లలో పోస్తే క్లోరిన్ ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది. నీరు ముందు తేరాలి, తర్వాత క్లోరిన్ పడాలి, ఆ తర్వాత కనీసం 30 నిమిషాలు ఆగాలి. అప్పటికి లీటరుకు అర మిల్లీగ్రాము మిగిలి ఉంటే పని అయినట్టు. నేలైనా బల్లైనా అంతే: ముందు సబ్బుతో కడగండి, ఆ తర్వాతే హైపో.

అపోహ: తెల్లపొర పడితే వైర్ బ్రష్‌తో రుద్దేయడమే

ఆనోడ్ మీది పూత మైక్రాన్ల మందమే ఉంటుంది. మెషిన్‌లో ఖరీదైన భాగం అదే. బ్రష్ పెడితే పొరతోపాటు పూత కూడా లేచిపోతుంది. డీసీ వైర్లు ప్లస్, మైనస్ తారుమారుగా తగిలించినా పూత పాడవుతుంది. మామూలు మురికి కాదు, సున్నపు పొరే అయితే పలచటి యాసిడ్‌లో, చిన్న పరికరమైతే వెనిగర్‌లో నానబెడితే కరిగిపోతుంది.

కానీ వరస తప్పకూడదు. కరెంటు తీసేయాలి, సెల్‌లోని హైపో మొత్తం ఖాళీ చేయాలి, మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి, ఆ తర్వాతే యాసిడ్. అయ్యాక మళ్లీ కడిగి, అప్పుడే ఉప్పునీళ్లు. హైపో మిగిలిన సెల్‌లో యాసిడ్ పోస్తే వచ్చేది క్లోరిన్ గ్యాసే. ఈ పని ఒంటరిగా, తలుపులు మూసుకుని ఎప్పుడూ చేయకండి. ఎప్పుడు కడగాలో మెషినే చెబుతుంది: అదే ఉప్పు, అదే ఆంప్స్ ఉన్నా వోల్టేజ్ వారం వారం పెరుగుతోందంటే ముందు పొర సంగతి చూడాలి. అందుకే వోల్టేజ్, ఆంప్స్, వేడి, ఘాటు రోజూ నోట్‌బుక్‌లో రాస్తాను.

అపోహ: ఒకసారి చేసిపెట్టుకుంటే నెలల తరబడి వాడొచ్చు

మెషిన్ హైపో పలచన కాబట్టి 10 శాతం డబ్బా అంత త్వరగా బలం తగ్గదు. కానీ ఎండ, వేడి, లోహం తగిలితే దీని బలమూ జారిపోతుంది. వెలుతురు దూరని ప్లాస్టిక్ క్యాన్‌లో, నీడలో ఉంచండి. ఇనుప మూత వద్దు. అప్పుడే దింపిన హైపోలో ఇంకా సన్న బుడగలుంటాయి కాబట్టి కొన్ని గంటలు మూత వదులుగా ఉంచండి. చేసిన తేదీ, ఆ రోజు వచ్చిన శాతం క్యాన్ మీద రాయండి. మా దగ్గరైతే వారం దాటిన క్యాన్‌ని మళ్లీ పరీక్షించకుండా వాడం.