విన్‌క్రిస్టిన్ సిరంజీలో ఎందుకు రాకూడదు?

పిల్లలకు ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్ (లుకేమియా) ఏఎల్ఎల్. ఆ జబ్బుకు చికిత్స పొందే పిల్లల్లో విన్‌క్రిస్టిన్ ఎక్కించుకోనివాళ్లు దాదాపు ఉండరు. పెద్దవాళ్లలో కొన్ని రకాల లింఫోమాలకూ (లింఫు గ్రంథుల క్యాన్సర్లు) ఇదే మందు వాడతారు. పాత మందు, ఖరీదు తక్కువ, పనితనం ఎక్కువ. అయితే అది రక్తనాళంలోకే వెళ్లాలి. పొరపాటున వెన్నులోకి ఎక్కించారా, మనిషి దక్కడం చాలా అరుదు. ఈ సంగతి డాక్టర్లకు 50 ఏళ్ల పైనుంచే తెలుసు. అయినా మరణాలు ఆగలేదు. ఎందుకు ఆగలేదో అర్థం కావాలంటే రెండు మందుల చరిత్ర తెలుసుకోవాలి.

మొదటిది విన్‌క్రిస్టిన్. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు ఆకుల కషాయం షుగర్‌కి పనిచేస్తుందని జమైకాలో నమ్మేవారు. 1950ల్లో ఆ ఆకులు కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో యూనివర్సిటీకి చేరాయి. రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ ఆకుల సారాన్ని ఎలుకలకు ఇచ్చి చూశారు. షుగర్ తగ్గలేదు కానీ తెల్ల రక్తకణాలు బాగా పడిపోయాయి, ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. తెల్ల కణాలు అదుపు తప్పి పెరిగే జబ్బుకు ఇది మందు కావచ్చన్న ఆలోచన అక్కడే పుట్టింది. వాళ్లు వేరు చేసిన పదార్థం విన్‌బ్లాస్టిన్. అదే మొక్క నుంచి అమెరికాలోని ఎలీ లిల్లీ కంపెనీ విన్‌క్రిస్టిన్‌ని తీసింది. 1963లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది.

రెండో మందు మెథోట్రెక్సేట్. దాని వెనుక భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. లెడర్లే కంపెనీలో ఆయన నడిపిన పరిశోధక బృందం ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే మందులు తయారు చేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గినట్టు 1948లో ప్రకటించారు. అప్పటిదాకా ఆ జబ్బును తగ్గించే మందే లేదు. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. అదే కోవలో వచ్చిన మెథోట్రెక్సేట్ ఈరోజుకీ ఏఎల్ఎల్ చికిత్సలో ముఖ్యమైన మందు.

1960ల్లో ఈ మందులన్నీ కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. పిల్లలకు రక్తకణాల కౌంట్స్ మామూలు స్థాయికి వచ్చేవి, ఇంటికి వెళ్లి ఆడుకునేవారు. కొన్ని నెలలకు తలనొప్పి, వాంతులతో మళ్లీ వచ్చేవారు. జబ్బు మెదడు పొరల్లో తలదాచుకునేది. రక్తంలోకి ఎక్కించిన మందులు అక్కడికి సరిగా చేరవు. మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ బృందం దీనికి దారి చూపింది. తలకు రేడియేషన్ ఇస్తూ, మెథోట్రెక్సేట్‌ని నేరుగా వెన్నునీటిలోకి, అంటే వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించారు. ఆ దశాబ్దం చివరికల్లా సుమారు సగం మంది పిల్లలకు జబ్బు పూర్తిగా నయమయ్యే స్థితి వచ్చింది. తర్వాత చాలామందికి రేడియేషన్ అవసరం తప్పింది కానీ వెన్ను ఇంజెక్షన్ మాత్రం నిలిచిపోయింది. మంచి వసతులున్న దేశాల్లో ఇప్పుడు ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో దాదాపు 90 శాతం మంది బతుకుతున్నారు.

అంత గొప్ప విజయంతో పాటే ఈ ముప్పూ వచ్చింది. ఒకే పిల్లాడికి, చాలాసార్లు ఒకే రోజున, ఒక మందు వెన్నులోకి, ఇంకోటి రక్తనాళంలోకి. రెండూ సిరంజీల్లోనే. రెండూ ఒకే ట్రేలోకి వస్తే తప్పు జరగడానికి ఎంతసేపు పడుతుంది?

విన్‌క్రిస్టిన్ కణాల లోపలుండే సన్నని గొట్టాలను దెబ్బతీస్తుంది. అవి లేకపోతే క్యాన్సర్ కణం రెండుగా చీలలేదు. నరాల్లో పోషకాలు ఈ చివరి నుంచి ఆ చివరికి చేరేది కూడా రైలు పట్టాల్లాంటి ఆ గొట్టాల మీదుగానే. అందుకే రక్తంలోకి సరైన మోతాదులో ఇచ్చినా ఈ మందు నరాల మీద ఎంతోకొంత ప్రభావం చూపుతుంది. మలబద్ధకం, దవడ నొప్పి, వేళ్లలో తిమ్మిర్లు వస్తాయి. కొందరు పిల్లలకు నడుస్తుంటే పాదం ముందుభాగం పైకి లేవదు. చెప్పు జారిపోతూ ఉంటుంది, మెట్ల అంచు తగిలి పడుతుంటారు. నీరసం వల్ల అనుకుని ఊరుకోకుండా డాక్టరుకి చెబితే మోతాదు సర్దుతారు.

ఇక్కడే ఇంకో జాగ్రత్త చెప్పాలి. ఇట్రాకొనజోల్, వొరికొనజోల్ లాంటి ఫంగస్ మందులు విన్‌క్రిస్టిన్‌ని శరీరం త్వరగా వదిలించుకోకుండా ఆపుతాయి. దాంతో దాని విషప్రభావం పెరుగుతుంది. తామరకని మెడికల్ షాపులో ఇట్రాకొనజోల్ బిళ్ళలు తేలిగ్గా దొరికే మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. కీమో నడుస్తున్నప్పుడు ఏ కొత్త బిళ్ళైనా క్యాన్సర్ డాక్టరుని అడిగాకే వేయాలి.

రక్తంలోకి ఇస్తేనే నరాలకు ఇంత చేసే మందు వెన్నునీటిలోకి వెళితే వెన్నుపాము, మెదడు నేరుగా దానికి గురవుతాయి. కాళ్లు పడిపోతాయి, పక్షవాతం పైకి పాకుతుంది, చివరికి ఊపిరి ఆగుతుంది. విరుగుడు లేదు. అలాంటి మరణం గురించి 1968లోనే వైద్య పత్రికలో రాశారు. తర్వాత ఒక్కో దేశం నుంచి ఒక్కో కేసు బయటికి వచ్చింది. ప్రతిసారీ అదే మాట: సిబ్బంది ఇకపై జాగ్రత్తగా ఉండాలి.

2001 జనవరిలో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో జరిగిన దాని మీద విచారణ నివేదిక బహిరంగంగానే ఉంది. లుకేమియా అదుపులోకి వచ్చిన 18 ఏళ్ల కుర్రాడు వెన్ను ఇంజెక్షన్ కోసం వచ్చాడు. ఆ రోజు వెన్నులోకి వెళ్లాల్సింది సైటారబిన్ అనే ఇంకో కీమో మందు. విన్‌క్రిస్టిన్ సిరంజీ కూడా దానితో పాటే మంచం దగ్గరికి వచ్చింది. సీనియర్ డాక్టరు ఆ విభాగానికి కొత్త. సిరంజీ మీద పేరు చూసిన జూనియర్, విన్‌క్రిస్టినా అని అడిగాడు. అవునన్నారు. వెన్నులోకా అని మళ్లీ అడిగాడు. మళ్లీ అవునన్నారు. దాదాపు నెల తర్వాత ఆ కుర్రాడు చనిపోయాడు. అంతకు ముందు ఏడాదే బ్రిటన్ ప్రభుత్వ నివేదిక ఒకటి, వెన్నులోకి తప్పు మందు ఎక్కించడం వల్ల 1985 నుంచి కనీసం 13 మంది చనిపోయారనో, కదల్లేని స్థితికి చేరారనో చెప్పి, ఇకపై ఒక్కటి కూడా జరగకూడదని లక్ష్యం పెట్టింది. నాటింగ్‌హామ్‌లోని ఆ సీనియర్ డాక్టరుకు తర్వాత జైలు శిక్ష పడింది. శిక్ష తప్పని నేను అనను. కానీ రెండు సిరంజీలు ఒకే చోటికి చేరే పద్ధతిని అలాగే ఉంచితే ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు చేతికి అదే సిరంజీ వస్తుంది.

2007లో హాంకాంగ్‌లో ఒక యువతి ఇలాగే చనిపోయింది. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాలకూ హెచ్చరిక పంపింది. విన్‌క్రిస్టిన్‌ని సిరంజీలో కాకుండా చిన్న సెలైన్ బ్యాగులో కలిపి ఇవ్వాలన్నది అందులో ముఖ్యమైన సూచన. 50 మిల్లీలీటర్ల బ్యాగుని చూసి వెన్ను ఇంజెక్షన్ అని ఎవరూ పొరబడరు. అంత ద్రవాన్ని వెన్నులోకి నెట్టాలని ఎవరికీ తోచదు కూడా. ఎంత అలసిపోయిన డాక్టరునైనా ఆ ఆకారమే ఆపుతుంది.

కొందరు అభ్యంతరం చెప్పారు. ఈ మందు రక్తనాళం బయటికి కారితే చర్మం, కండ కాలిపోయినట్టు పుండవుతుంది. బ్యాగుతో ఆ ప్రమాదం పెరుగుతుందేమోనన్నది వాళ్ల భయం. నర్సు పక్కనే ఉండి కొద్ది నిమిషాల్లో ఎక్కిస్తే ఆ ప్రమాదం చాలా తక్కువని అనుభవంలో తేలింది. ఎక్కుతున్నప్పుడు చెయ్యి మండినా, ఉబ్బినా వెంటనే చెప్పాలి. అమెరికాలో ఎన్‌సీసీఎన్ అనే క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి 2016లో బ్యాగు కోసం ప్రచారమే మొదలుపెట్టింది. 1960ల నుంచి ఇలాంటి కేసులు కనీసం 125 జరిగాయని వాళ్ల లెక్క. బయటపడనివి ఇందులో లేవు.

పిల్లాణ్ని తీసుకుని కీమోకి వెళ్లే అమ్మానాన్నలు డాక్టరుని అడగడానికి జంకుతారు. ఈ విషయంలో జంకక్కర్లేదు. విన్‌క్రిస్టిన్ బ్యాగులో ఇస్తారా, సిరంజీలోనా అని మొదటి రోజే అడగండి. సిరంజీలోనే అంటే, వెన్ను ఇంజెక్షన్ ఒక రోజు, విన్‌క్రిస్టిన్ ఇంకో రోజు పెట్టగలరేమో అడగండి. అదీ కుదరకపోతే, వెన్ను ఇంజెక్షన్ ఇచ్చే గదిలోకి విన్‌క్రిస్టిన్ రానివ్వకుండా, ఆ పని పూర్తయ్యాకే ఫార్మసీ నుంచి తెప్పించమని కోరండి.