ఉక్రెయిన్ అమ్మాయి పాయింట్లు, మన పిల్లల టికెట్లు: షటిల్‌లో అపోహలు – వాస్తవాలు

పారిస్ ఒలింపిక్స్ అయినప్పటి నుంచి మా కోర్టుకి వచ్చే తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు పోలినా బుహ్రోవా పేరు ఎత్తుతూనే ఉన్నారు. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి వచ్చిన షటిల్ క్రీడాకారిణి. 2004లో పుట్టింది, 20 ఏళ్లకే పారిస్‌లో సింగిల్స్ ఆడింది. "యూరప్‌లో చిన్న చిన్న టోర్నమెంట్లు వరసగా ఆడి పాయింట్లు పోగేసుకుందట సార్. మా పాపని కూడా ఓ ఆరు నెలలు అటు తిప్పితే ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే లెక్కలు చూపిస్తారు. ఆ లెక్కలు నమ్మి స్థలాలు అమ్ముకున్నవాళ్లు నాకు తెలుసు. అందుకే ముందు ఈ ఒక్క సంగతీ తేల్చుకుందాం.

అపోహ: ఎన్ని టోర్నమెంట్లు ఆడితే అంత ర్యాంకు

కాదు. ప్రపంచ ర్యాంకుకి, 52 వారాల్లో ఆడినవాటిలో ఎక్కువ పాయింట్లు తెచ్చిన పదింటినే లెక్కలోకి తీసుకుంటారు. పదకొండోది ఆడితే, అది ఆ పదిలో అన్నిటికంటే తక్కువదాన్ని దాటితేనే ఉపయోగం. ఇక పాయింట్లు చూడండి. ఇందులో చిన్న స్థాయిదైన ఫ్యూచర్ సిరీస్ టైటిల్ గెలిస్తే 1,700, ఆ పై స్థాయిలు వరసగా ఇంటర్నేషనల్ సిరీస్‌కి 2,500, ఇంటర్నేషనల్ చాలెంజ్‌కి 4,000, సూపర్ 300కి 7,000. ఏడాదిలో పది ఫ్యూచర్ సిరీస్‌లు గెలిచినా వచ్చేది 17,000. అదీ గెలిస్తే! మీ పాప మొదటి రౌండులో ఓడి తెచ్చుకునే పాయింట్లతో లిస్టులో పేరు కనిపిస్తుంది, అంతే. ఏడాది తిరిగేసరికి అవీ పోతాయి. చేసిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

అసలు ఆడనిస్తారా అన్నది ఇంకో సంగతి. ఎంట్రీ ఏజెంటు ఇప్పించేది కాదు. బ్యాడ్మింటన్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ద్వారా వెళ్లాల్సిందే. ఎంట్రీ వెళ్లాక ఎం అండ్ క్యూ (మెయిన్, క్వాలిఫయింగ్) లిస్టు వస్తుంది. మెయిన్ డ్రాలో (అసలు పోటీలో) ఎవరు, క్వాలిఫయింగ్‌లో (దానికి ముందు జరిగే అర్హత పోటీలో) ఎవరు, రిజర్వులో ఎవరు అన్నది ర్యాంకును బట్టే. ర్యాంకు లేని పిల్ల ఎక్కడుంటుందో వేరే చెప్పాలా?

జిల్లాలో అండర్-17 బాగా ఆడే ఒక అమ్మాయిని వాళ్ల నాన్న ఇలాగే తీసుకెళ్లాడు. ఏజెంటు మాట మీద షెంజెన్ వీసా తీసుకుని, డబ్బు వాపసు రాని టికెట్లు కొన్నాడు. మొదటి టోర్నమెంట్‌లో పాప రిజర్వులోనే ఉండిపోయింది. ఎవరూ తప్పుకోలేదు, ఆడే అవకాశమే రాలేదు. రెండోదాంట్లో క్వాలిఫయింగ్ దొరికింది. చల్లటి హాలు, కాక్ ముందుకి పోవడం లేదు. మన ఎండల్లో కాక్ వేగంగా పోతుంది కాబట్టి నెమ్మది రకం, 76 స్పీడు కాక్‌తో అలవాటుపడ్డ పిల్ల, బలమంతా పెట్టి కొట్టినా టాస్‌లు బ్యాక్ లైన్‌కి చేరడం లేదు. మధ్యలో పడ్డ ప్రతి టాస్‌నీ అవతలి అమ్మాయి స్మాష్ కొట్టింది. అరగంట కూడా కాకుండానే అయిపోయింది. ఆ రాత్రి ఆయన ఫోన్ చేసి, "వచ్చే వారం పక్క దేశంలో ఇంకోటి ఉందంట సార్, ఉండమంటారా?" అన్నాడు. గొంతులో ఏడుపు తెలుస్తోంది. "వచ్చేయండి, పాపని ఏమీ అనకండి" అన్నాను. కోపం రాలేదు నాకు. కూతురి కోసం ఉన్నదంతా పెట్టిన మనిషి ఆయన. కోపమంతా ఆయన్ని అక్కడికి పంపినవాడి మీదే.

మరి బుహ్రోవా సంగతేమిటంటారా? ఆమెకి ఆ సర్క్యూట్ ఇంటి సర్క్యూట్. మన పిల్లలు జిల్లాలు, స్టేట్, ఆలిండియా ర్యాంకింగ్ టోర్నమెంట్లు ఆడినట్టే యూరప్ పిల్లలకి అవి. యుద్ధానికి ముందు ఖార్కివ్‌లోనే ఇంటర్నేషనల్ టోర్నమెంట్ జరిగేది. ఆ స్థాయి ఆట వచ్చాక ఆ టోర్నమెంట్లు ఆడింది, ఆడగా పాయింట్లు వచ్చాయి. మనవాళ్లు దీన్ని తిరగేసి చదువుతున్నారు.

పైగా ఆ బ్యాచ్ పిల్లలు పడ్డ కష్టం ఎవరూ చెప్పరు. 2004లో పుట్టినవాళ్లకి జూనియర్‌గా చివరి మూడేళ్లు 2020, 2021, 2022. కోవిడ్ వల్ల 2020 ఆక్లాండ్, 2021 చెంగ్దూ వరల్డ్ జూనియర్స్ రెండూ రద్దయ్యాయి. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలైంది. ఖార్కివ్ సరిహద్దుకి 40 కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడ మెడిసిన్ చదివే మన పిల్లలు బంకర్లలోంచి ఫోన్లు చేసిన రోజులు తెలుగు ఇళ్లల్లో ఎవరూ మరిచిపోలేదు కదా, అదే ఊరు. ఆ రోజు నుంచి ఉక్రెయిన్ ఆకాశంలో పౌర విమానాలు లేవు. అక్కడి ఆటగాళ్లు టోర్నమెంట్‌కి వెళ్లాలంటే రైల్లోనో బస్సులోనో ముందు సరిహద్దు దాటాలి. గంటలకొద్దీ ఆ ప్రయాణం చేశాకే విమానం. ఇవన్నీ దాటుకుని పారిస్ దాకా వచ్చిన అమ్మాయిని "చిన్న టోర్నమెంట్లు ఆడి వచ్చేసింది" అంటే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: ఉక్రెయిన్ లాంటి దేశమైతే ఒలింపిక్స్ సీటు ఖాయం

సగం నిజం. సింగిల్స్‌లో దేశానికి ఒక్కరే. ఇద్దరు వెళ్లాలంటే ఇద్దరూ టాప్ 16లో ఉండాలి. పారిస్‌కి మన మగవాళ్లలో లక్ష్య సేన్, ప్రణయ్ అలా వెళ్లారు. ఆడవాళ్లలో సింధు ఒక్కతే. ఉక్రెయిన్‌లో ఆ ఒక్క చోటుకి పోటీ మనకున్నంత ఉండదన్నది ఒప్పుకుంటాను. కానీ ర్యాంకింగ్ లిస్టు ప్రపంచానికంతటికీ ఒకటే. 2023 మే నుంచి 2024 ఏప్రిల్ దాకా ఆడి తెచ్చుకున్న పాయింట్లతోనే ఆ లిస్టులో నిలబడాలి. "అక్కడ పేరు రాయించుకుంటే చాలంట" అని ఒకాయన అడిగారు. ఏ దేశం తరఫున ఒలింపిక్స్ ఆడాలన్నా ఆ దేశ పౌరసత్వం ఉండాలండీ. ఈ మాట చెప్పి డబ్బులడిగేవాళ్లని గడప తొక్కనివ్వకండి.

అపోహ: 18 ఏళ్లకి పైకి రాకపోతే ఇక రానట్టే

సింధు 2013లో 18 ఏళ్లకే వరల్డ్ చాంపియన్‌షిప్స్ కాంస్యం తెచ్చింది, నిజమే. ఉక్రెయిన్‌కే చెందిన మరియా ఉలితినా 24 ఏళ్లకి రియో ఒలింపిక్స్‌కి వెళ్లింది, తర్వాత టోక్యో కూడా ఆడింది. ప్రణయ్‌కి మొదటి ఒలింపిక్స్ 32 ఏళ్లకి. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకి ఈ టెన్షన్ అక్కర్లేదు.

అపోహ: చిన్నప్పుడే సింగిల్సో డబుల్సో తేల్చేయాలి

అవసరం లేదు. బుహ్రోవా సింగిల్స్‌తో పాటు యెవ్హేనియా కంటెమిర్‌తో డబుల్స్ కూడా ఆడుతుంది. మన శ్రీకాంత్ జూనియర్‌గా డబుల్స్, మిక్స్‌డ్ ఆడి తర్వాతే సింగిల్స్‌కి మారాడు.

విదేశీ టోర్నమెంట్లు వద్దే వద్దని నేను అనను. పాప తన వయసు గ్రూపులో స్టేట్ సెమీస్‌కి నిలకడగా వస్తూ, ఆలిండియా ర్యాంకింగ్‌లో మెయిన్ డ్రా మ్యాచ్‌లు గెలుస్తుంటే ఆలోచించండి. అదీ ముందు మన దేశంలో జరిగేవి చూడండి. పుణెలో జూనియర్ ఇంటర్నేషనల్ ఆడించారు, గువాహటిలో, ఒడిశాలో సూపర్ 100లు (సూపర్ 300కి కింది స్థాయివి) జరుగుతున్నాయి. ఆడించకపోయినా ఒక రోజు తీసుకెళ్లి కూర్చోబెడితే, ఏ స్థాయి కావాలో పాపకే అర్థమవుతుంది. బయటికే వెళ్లాలనుకుంటే ఎం అండ్ క్యూ లిస్టులో పేరు ఎక్కడుందో మీ కళ్లతో చూసుకున్నాకే డబ్బు కట్టండి. వీసాకి టికెట్ ముందే చూపించాల్సి వస్తే, రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చేదే తీసుకోండి.