కీర్తన ఎంతసేపు వినిపించాలి?

"అన్నమయ్య కీర్తన వింటే మెదడులో ఏ భాగం చురుగ్గా ఉంటుందో చూస్తాం సార్. 5 నిమిషాలు పాట, 5 నిమిషాలు నిశ్శబ్దం." తిరుపతిలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ పిల్లలు వేసుకున్న ప్లాన్ ఇది. ఆలోచన ముచ్చటగా ఉంది, లెక్కకే నిలబడదు.

దీనికి వాడేది ఎఫ్‌ఎంఆర్‌ఐ, అంటే అయస్కాంతంతో మెదడు పనిని చూసే స్కాన్. అది నాడీకణాల పనిని నేరుగా చూడదు. రక్తంలో ఆక్సిజన్ మారితే సిగ్నల్లో వచ్చే తేడాను పట్టుకుంటుంది. 1990లో సెయిజి ఒగావా బృందం చూపించిన దారి ఇది. ఆ తేడా మామూలుగా 1 శాతం అటూ ఇటూ, అంతే! మనిషి ఊరికే పడుకున్నా సిగ్నల్ మెల్లగా పైకో కిందికో జారుతూనే ఉంటుంది. ఒక్కోసారి ఆ జారుడే 1 శాతాన్ని మించిపోతుంది. తల కదలడం, ఊపిరి కొంత కారణమే గానీ యంత్రం వాటా పెద్దది. గ్రేడియంట్ కాయిల్స్, అంటే స్కానర్‌లో అయస్కాంత క్షేత్రాన్ని చోటును బట్టి మార్చే తీగచుట్టలు, వేడెక్కేకొద్దీ అయస్కాంత క్షేత్రం కొద్దికొద్దిగా మారుతుంది. 1999లో వచ్చిన ఒక పరిశోధనలో శవాలను స్కాన్ చేసినా జారుడు కనిపించింది. ఇక మెదడు మీద నింద వేయలేం.

తిరుమల ఘాట్ రోడ్డెక్కే బస్సు ఎత్తును క్షణక్షణం రాసుకుంటే స్పీడ్‌బ్రేకర్లు ఇట్టే దొరుకుతాయి. స్పీడ్‌బ్రేకరే కిలోమీటరు పొడవుంటే? అది బ్రేకరో, కొండ ఎక్కుడో తేల్చలేం. 5 నిమిషాల పాటకు పట్టే గతి అదే.

ఈ స్కాన్ల డేటాను విశ్లేషించే ఎస్‌పీఎం సాఫ్ట్‌వేర్, మనం మార్చకపోతే, 128 సెకన్లకన్నా నెమ్మదైన మార్పులను తీసేస్తుంది. దీన్నే ఫిల్టర్ అంటారు. 10 నిమిషాల స్కానుకు 9 కొసైన్ అలలను మోడల్లో చేర్చి, జారుడును వాటి ఖాతాలో వేస్తుంది. ఏఎఫ్‌ఎన్‌ఐ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో ఈ పనికి బహుపదులు వాడతారు. పిల్లల ప్లాన్‌లో పాట, నిశ్శబ్దం కలిపి ఒక చుట్టు 600 సెకన్లు. కాబట్టి జారుడుతో పాటు పాట ప్రభావమూ చాలావరకు కొట్టుకుపోతుంది. ఫిల్టర్ వద్దనుకుంటే జారుడే పాట ప్రభావంగా చలామణీ అవుతుంది. 20 సెకన్ల పాట, 20 సెకన్ల నిశ్శబ్దం పెడితే చుట్టు 40 సెకన్లే, ఫిల్టర్ జోలికి రాదు. పల్లవి మధ్యలో తెగుతుంది, సంగీతం మాస్టార్లు తిడతారు. తప్పదు.

ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. ముందు డేటాలో జారుడు తీసేసి, ఆ తర్వాత పాట ప్రభావం ఎంతో అంచనా కట్టే రిగ్రెషన్ లెక్క విడిగా వేస్తారు. పాట వేళలను చూపే చలరాశికీ అదే ఫిల్టర్ పెట్టకపోతే ప్రభావం ఉన్నదానికన్నా తక్కువగా తేలుతుంది. జారుడును, పాటను ఒకే మోడల్లో వేస్తే ఈ బెడద ఉండదు.

అసలు చిక్కు విశ్రాంతి స్కాన్లతో, అంటే మనిషి ఏ పనీ లేకుండా పడుకుని ఉండగా తీసేవాటితో. అక్కడ పాటా లేదు, వేళలూ లేవు. వెతికే అలలే 10 నుంచి 100 సెకన్లవి, వాటి నెమ్మది అంచు జారుడును తాకుతూ ఉంటుంది. ప్రయోగాన్ని ఎలా అమర్చుకున్నా ఆ అలలను, జారుడును పూర్తిగా విడదీయలేం.