తీగ లాగితే డొంక కదలాలి

పెద్ద ప్రయాణికుల విమానాన్ని కూల్చేసేంత వైఫల్యం వంద కోట్ల ఎగిరే గంటల్లో ఒకసారికి మించి రాకూడదు. ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికేషన్‌లో, అంటే విమానం ఎగరడానికి భద్రమేనని ధ్రువీకరించడంలో, వాడే కొలత ఇది. ఒకే విమానం రాత్రింబవళ్లు ఆగకుండా ఎగిరినా అన్ని గంటలు నిండేసరికి లక్షా పద్నాలుగు వేల ఏళ్లు పడుతుంది. కాబట్టి ఇది ఎగరేసి చూసి తేల్చే లెక్క కాదు. విశ్లేషణతో వాదించి ఒప్పించాలి. ఆ వాదనలో ఒక అంకె మీద ఇంకో అంకె ఎక్కి కూర్చుంటుంది.

అడుగున ఉన్న అంకె మారితే?

బోయింగ్ 737 మ్యాక్స్‌లో ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ విమానం ముక్కును దించడానికి తోక దగ్గరి చిన్న రెక్కను, అంటే స్టెబిలైజర్‌ను తిప్పుతుంది. మొదటి డిజైన్‌లో విడతకు గరిష్ఠంగా 0.6 డిగ్రీలు. తక్కువ వేగంలోనూ పనిచేయాల్సి వచ్చాక 2.5 అయింది. నాలుగు రెట్లకు పైనే! అంకె మార్చడం నిమిషం పని. దాన్ని నమ్ముకున్నవి మాత్రం చాలా ఉన్నాయి: ప్రమాద తీవ్రతను ఏ తరగతిలో వేయాలి, పైలట్ సర్దుకోగలడా, ఎదురుగాలికి విమానం ఏ కోణంలో ఉందో కొలిచే సెన్సార్లు రెండుండగా ఒక్కదాని మాటే వింటే చాలా. 2018, 2019ల్లో రెండు మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది చనిపోయారు. ఎంక్యాస్ మారినా సర్టిఫికేషన్ పత్రాలను తగ్గట్టు సవరించలేదని 2019లో అంతర్జాతీయ సమీక్ష బృందం తేల్చింది. తీగ లాగారు, డొంక కదల్లేదు.

సిస్టమ్ వివరాలను విడివిడి పత్రాల్లో కాకుండా ఒకే కంప్యూటర్ మోడల్‌లో పెట్టుకునే పద్ధతి మోడల్ ఆధారిత సిస్టమ్స్ ఇంజినీరింగ్. అందులో నన్ను పట్టేసింది ఈ డొంకే. ఇందులో ఆ డిగ్రీల అంకె ఏదో ఫైల్లో వాక్యంగా పడి ఉండదు. మోడల్‌లో ఒక్కచోటే ఉంటుంది, మిగతావన్నీ దానికి లింకుతో కట్టి ఉంటాయి. 0.6 తీసి 2.5 వేశారనుకోండి. ఆ అంకెను వాడుకున్న రిక్వైర్‌మెంట్‌కు (సిస్టమ్ ఏం చేయాలో చెప్పే షరతుకు) అనుమానం గుర్తు పడుతుంది. అక్కడి నుంచి వైఫల్య విశ్లేషణకు, దాన్నుంచి పరీక్షకు. ఎవరో ఒకరు తెరిచి, మళ్లీ చూసి, సరేననేదాకా ఆ గుర్తు పోదు.

క్లాసుల్లో మాత్రం దీన్ని బొమ్మలు గీయడంగా నేర్పుతారు. ఈ మోడళ్లు రాసే భాష సిస్‌ఎంఎల్ అంటే (దాని 1.x వెర్షన్లలో) తొమ్మిది రకాల డయాగ్రామ్‌లని బట్టీ పట్టిస్తారు. బొమ్మదేముంది, లింకు లేకపోతే అది గోడకు తగిలించుకునే పటమే.

అలాగని మోడల్ అన్నీ తెలిసినది కాదు. లింకు కట్టేది మనిషే, కట్టడం మరిచిన చోట ఏ గుర్తూ పడదు. పైలట్ గురించి తప్పుగా ఊహిస్తే ఆ తప్పు కూడా చక్కగా లింకై కూర్చుంటుంది. పైగా మనిషి చేయాల్సిన తనిఖీని టూల్‌కు అప్పగిస్తే, ముందు ఆ టూలే నమ్మదగినదని డీఓ-330 అనే ప్రమాణ పత్రం ప్రకారం నిరూపించాలి. విమాన సాఫ్ట్‌వేర్‌కు డీఓ-178సీ అనే ప్రమాణం ఉండగా, మోడళ్ల కోసం దానికి అనుబంధంగా డీఓ-331 వచ్చింది.

ఇంకో చిక్కు సంతకం దగ్గర. మోడల్ రోజూ మారుతుంది, అధికారి సంతకం చేసేది మాత్రం ఒకచోట ఆగిన దాని మీద. అందుకని చాలాసార్లు మోడల్‌ను ఒక తేదీన కదలకుండా ఆపి, దాన్నుంచి పీడీఎఫ్ తీసి పంపుతారు. ఆ పీడీఎఫ్‌లో 2.5 మళ్లీ మామూలు అంకే. దాన్ని ఎంత లాగినా ఏదీ కదలదు.