అమెరికా విజిటర్ వీసా, అక్కడున్న అబ్బాయి: కొన్ని అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో కూర్చుని విజిటర్ వీసా ఫారాలు నింపించడం నా పని. అమ్మాయి ఇక్కడ, అబ్బాయి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో. "ఇంట్లోనే ఇంకా చెప్పలేదండీ, వీసా ఆఫీసర్‌కి చెప్పాలా?" అన్న టెన్షన్ మామూలే.

అపోహ: ప్రేమ సంగతి ఫారంలో రాసి తీరాలి.

వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడా అన్న ప్రశ్నే లేదు. అడగనిది చెప్పకపోతే తప్పు కాదు. అతని ఇంట్లోనే దిగుతుంటే మాత్రం అతని పేరు, అడ్రస్ ఇవ్వాలి, ఏమవుతాడో కూడా చెప్పాలి. అక్కడ ఫ్రెండ్ అని పెట్టొచ్చు. ఇంటర్వ్యూలో "ఎలాంటి ఫ్రెండ్?" అని అడిగారా, ఉన్నమాట చెప్పేయండి.

అపోహ: నిశ్చితార్థం అంటే పెళ్లి కాదుగా, సింగిల్ అని పెడితే సరిపోతుంది.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. మ్యారిటల్ స్టేటస్ సింగిలే, అందులో తప్పు లేదు. కానీ కుటుంబ వివరాల పేజీలో, తల్లిదండ్రులు కాకుండా దగ్గరి బంధువులెవరైనా అమెరికాలో ఉన్నారా అని ఇంకో ప్రశ్న ఉంటుంది. భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువులతో పాటు ఫియాన్సే, అంటే నిశ్చితార్థమైనవాడు కూడా ఆ లెక్కలోకే వస్తాడు. తాంబూలాలు పుచ్చుకుని, ఉంగరాలు మార్చుకుని, అక్కడ "లేరు" అని నొక్కితే అబద్ధమే. పైగా అదే ఫారం గత ఐదేళ్ల సోషల్ మీడియా ఐడీలు అడుగుతుంది, నిశ్చితార్థం రీలేమో ఇన్‌స్టాలో తిరుగుతూ ఉంటుంది! మేనబావతో పెళ్లి కుదిరినవాళ్లు ఇంకో తెలివి చూపిస్తారు, "కజిన్" అంటారు. చుట్టరికం నిజమే కావచ్చు, ఆఫీసర్‌కి కావలసిన నిజం అది కాదు.

అపోహ: బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడంటే రిజెక్టే.

రిజెక్ట్ కావచ్చు, కాదని నేను మాట ఇవ్వను. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలోని సెక్షన్ 214(బి) ప్రకారం విజిటర్ వీసాకి వచ్చిన ప్రతివాళ్లూ అక్కడే ఉండిపోతారనే ముందు అనుకుంటారు. కాదని చూపించుకోవాల్సింది మనం. అయితే కాబోయే అత్తామామలను కలవడానికి, నిశ్చితార్థానికి, పెళ్లి ఏర్పాట్లకు వెళ్లేవాళ్లకు బీ-2, అంటే ఈ విజిటర్ వీసాయే, ఇవ్వొచ్చని ఆఫీసర్ల మాన్యువల్‌లోనే ఉంది. వాళ్లు చూసేది తిరిగొస్తారా అని. ఇక్కడి ఉద్యోగం, మంజూరైన సెలవు, ఎన్నాళ్లు ఉంటారన్న సూటి జవాబు పనికొస్తాయి. అబ్బాయి రాసిచ్చిన స్పాన్సర్ లెటర్ మీద ఆశలు పెట్టుకోవద్దు.

అపోహ: దాచి వీసా తెచ్చేసుకుంటే ఇక గొడవ లేదు.

214(బి) కింద రిజెక్టయితే 185 డాలర్ల ఫీజు పోతుంది, అంతే. మళ్లీ అప్లై చేసుకోవచ్చు. నిర్ణయాన్ని మార్చగల విషయంలో కావాలని అబద్ధమాడారని తేల్చి అదే చట్టంలోని 212(ఎ)(6)(సి) పెట్టారంటే, అది జీవితాంతం వెంటాడే అడ్డంకి. వెయివర్ (మినహాయింపు) తెచ్చుకోవడం అందరి వల్లా కాదు. అమెరికా ఎయిర్‌పోర్టులో దిగాక ఫోన్ తెరిపించి చాటింగ్ చదివే అధికారం కూడా అక్కడి ఆఫీసర్లకుంది.

అక్కడా గట్టెక్కారనుకుందాం. అబ్బాయి సిటిజన్ అయితే రేపు కే-1 ఫియాన్సే వీసా వేస్తారు. గత రెండేళ్లలో ఇద్దరూ కలిశారని చూపించమంటారు. మీరు తీసుకెళ్లేవి ఆ విజిటర్ ట్రిప్ ఫొటోలే. "కజిన్" అని రాసిన పాత ఫారం వాళ్ల రికార్డులో భద్రంగా ఉంటుంది.

అపోహ: విజిటర్ వీసా మీద వెళ్లి అక్కడ పెళ్లి చేసుకోకూడదు.

చేసుకోవచ్చు, తిరిగి రావాలి. ఉండిపోదామని ముందే అనుకుని వెళ్లడమే సమస్య. దిగిన 90 రోజుల్లోపు సిటిజన్‌నో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనో పెళ్లాడి అక్కడే కాపురం పెడితే, వీసా తీసుకునేటప్పుడే అబద్ధం చెప్పారని అనుమానిస్తారు. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) అబ్బాయైతే కే-1 కుదరదు, పెళ్లయ్యాక భార్యకిచ్చే హెచ్-4 దారే.

అపోహ: ఫారం ఏజెంట్ నింపాడు, నాకేం సంబంధం?

ఎవరు నింపినా జవాబుదారీ మీరే. నాలాంటివాళ్లు నింపినా సరే, సబ్మిట్ నొక్కేముందు ఆ బంధువుల పేజీ మీరే ఒకసారి చదువుకోండి.